చిన్న ట్రాక్టర్‌కి గేర్లా, హైడ్రోస్టాటిక్కా? మీ పనుల లెక్క ముందు తియ్యండి

ప్రశ్న: అన్నా, మేము మొదటిసారి ట్రాక్టర్ కొంటున్నాం, 25 హెచ్‌పీ దగ్గర చూస్తున్నాం. మూడెకరాల పండ్ల తోట, రెండెకరాల కూరగాయల నేల, ఒక పశువుల కొట్టం ఉన్నాయి. తోటలో చెట్ల మధ్య గడ్డి కొయ్యాలి, కొట్టంలో పేడ ముందు లోడర్‌తో ఎత్తి కుప్ప వెయ్యాలి, కూరగాయల నేలకి రోటావేటర్ వెయ్యాలి, అప్పుడప్పుడు ట్రాలీ లాగాలి. షోరూమ్‌లో ఒకే మోడల్‌ని మూడు రకాలుగా చూపించారు, మామూలు గేర్లు, షటిల్ గేర్లు, హైడ్రోస్టాటిక్. సేల్స్ అతను హైడ్రోస్టాటికే తీసుకోమంటున్నాడు. మా మామయ్య పాతికేళ్ళుగా గేర్ల ట్రాక్టర్ నడుపుతున్నాడు, ఆయనేమో దానికి బలం ఉండదు, పాడైతే బాగుచేసేవాడు దొరకడు, కొత్త టెక్నాలజీ జోలికి పోవద్దు అంటున్నాడు. నాన్నకి ఎడమ మోకాలు నొప్పి, ఆయన కూడా నడపాలి. ఏది తీసుకోమంటావు?

సమాధానం:

తమ్ముడూ, నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఏంటంటే నువ్వు చేసే పనులన్నీ రాశావు. చాలామంది ఏ గేర్‌బాక్స్ మంచిది అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు, దానికి ఎవరేం చెప్పినా ఉపయోగం ఉండదు, ఎందుకంటే ఒకళ్ళకి మంచిది ఇంకొకళ్ళకి నెత్తి మీద బరువు అవుతుంది. నువ్వు రాసినదాన్ని బట్టి అయితే నా సలహా హైడ్రోస్టాటికే, అంటే గేర్లు మార్చే పని లేకుండా ఆయిల్ ప్రెషర్‌తో చక్రాలు తిప్పేది. కానీ సేల్స్ అతను చెప్పాడని కాదు, నీ పనులు చెప్తున్నాయి. అలాగని మీ మామయ్య మాట కొట్టిపారెయ్యకు, ఆయన చెప్పిన మూడింట్లో ఒకటి పూర్తిగా నిజం, ఒకటి సగం నిజం, ఒకటి మాత్రం కాదు. ఒక్కొక్కటీ చెప్తాను.

ముందు ఒక కాగితం తీసుకుని నీ పనులు వరసగా రాసి, ఒక్కో పని పక్కన గంటలో ఎన్నిసార్లు ఆగాలి, ఎన్నిసార్లు వెనక్కి తిప్పాలి, ఎన్నిసార్లు స్పీడ్ మార్చాలి అని వేసుకో. పేడ పని సంగతే చూడు. కుప్పలోకి ముందుకి వెళ్ళి బకెట్ నింపుతావు, లేపి వెనక్కి వస్తావు, స్టీరింగ్ తిప్పి మళ్ళీ ముందుకి వెళ్ళి పోస్తావు, మళ్ళీ వెనక్కి వచ్చి మొదటి చోటికి తిరుగుతావు. అంటే ఒక్క బకెట్‌కి డైరెక్షన్ నాలుగుసార్లు మారింది. పొద్దున్నే ఒక 40 బకెట్లు ఎత్తితే 160 సార్లు. మామూలు గేర్లలో ఆ 160 సార్లూ క్లచ్ పూర్తిగా తొక్కాలి, బండి ఆగాలి, లివర్ మార్చాలి, మెల్లగా క్లచ్ వదలాలి. ఇది కాక కుప్ప దగ్గరికి వచ్చినప్పుడల్లా సగం క్లచ్ మీద జానెడు జానెడు జరుపుతాం చూడు, ఆ లెక్క ఇందులో లేదు. ఇదంతా పడేది ఎడమ కాలి మీద. మీ నాన్నగారి నొప్పి కూడా ఎడమ మోకాలే కదా.

నేను ఈ సంగతి క్లచ్ ప్లేట్ ఖర్చుతో నేర్చుకున్నా. నా మొదటి చిన్న ట్రాక్టర్ గేర్లదే, దానికి తర్వాత లోడర్ పెట్టించా, ఒక సీజనంతా ఇసుక, ఎరువు అదేపనిగా ఎత్తా. కొన్నాళ్ళకి లోడ్ మీద ఇంజిన్ శబ్దం పెరుగుతోంది గానీ బండి కదలట్లేదు, మాడు వాసన వస్తోంది, చూస్తే ప్లేటు అరిగిపోయి రివెట్లు కనిపిస్తున్నాయి. కారులో క్లచ్ మార్చడం వేరు, ట్రాక్టర్లో వేరు తమ్ముడూ, చాలా చిన్న ట్రాక్టర్లకి దాన్ని మధ్యలోకి విడదియ్యాలి, ఇంజిన్ ముందుకి, గేర్‌బాక్స్ వెనక్కి, రెండిటి కిందా జాకీలు పెట్టి. లోడర్ ఉంటే ముందు అది విప్పాలి. బండిలో తప్పేం లేదు, ఆ పనికి ఆ గేర్‌బాక్స్ కాదంతే.

ఇప్పుడు అసలు రకాలు. మామూలు గేర్లలోనే మళ్ళీ తేడాలున్నాయి, అవి తెలియకుండా గేర్ల బండి అని ఒక్క మాట అనేస్తే కుదరదు. స్లైడింగ్ మెష్ అంటే గేర్ చక్రమే షాఫ్ట్ మీద జరిగి ఇంకో చక్రంతో పళ్ళు కలుపుకోవాలి, బండి ఆగకుండా వేస్తే గరగరమంటుంది, పళ్ళ అంచులు దెబ్బతింటాయి. కాన్‌స్టంట్ మెష్‌లో చక్రాలు ఎప్పుడూ కలిసే తిరుగుతుంటాయి, మధ్యలో కాలర్ మాత్రం జరిగి ఏది పని చెయ్యాలో దాన్ని పట్టుకుంటుంది, పళ్ళకి దెబ్బ తక్కువ, గేర్ పడటం కూడా సులువు. సింక్రోమెష్‌లో ఇంకో మెట్టు పైకి, కాలర్ పట్టుకునే ముందే ఒక కోన్ రాసుకుని రెండిటి స్పీడూ సమానం చేస్తుంది, అందుకే రోడ్డు మీద ట్రాలీతో పోతూ కూడా కారులాగా మార్చుకోవచ్చు. బ్రోషర్‌లో ఈ పదం చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతికి చదువు. కొన్ని బండ్లలో పై రెండు గేర్లకే సింక్రో ఉంటుంది, మిగతావాటికి ఉండదు, అది కూడా అడుగు.

షటిల్ అంటే ముందుకి వెనక్కి మార్చడానికి విడిగా ఒక లివర్ ఉంటుంది, ఎక్కువగా స్టీరింగ్ కింద ఎడమ పక్కన. గేర్ అదే ఉంటుంది, లివర్ ముందుకి తోస్తే ముందుకి, వెనక్కి లాగితే వెనక్కి. 12+12 అని రాసి ఉంటే ముందుకి ఎన్ని గేర్లో వెనక్కీ అన్నే అని అర్థం. మామూలు 8+2 బండిలో రివర్స్ రెండే, ఒకటి మరీ నత్తనడక, ఇంకోటి మరీ దూకుడుగా ఉండి లోడర్ పనికి రెండూ సరిపోకపోవచ్చు, షటిల్‌లో ఆ బాధ లేదు. కానీ ఇది బాగా గుర్తుపెట్టుకో, నీకు చూపించింది మెకానికల్ షటిల్ అయితే లివర్ మార్చిన ప్రతిసారీ క్లచ్ తొక్కాల్సిందే. లివర్ చేతికి అందుతుంది గానీ మోకాలికి విశ్రాంతి రాదు. క్లచ్ తొక్కకుండా మార్చేది పవర్ షటిల్, అందులో ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్ ప్లేట్ల కట్టలు ఉంటాయి, హైడ్రాలిక్ ప్రెషర్‌తో అవే పట్టుకుంటాయి అవే వదుల్తాయి. చాలా మంచి ఏర్పాటు, కానీ ఎక్కువగా పెద్ద సైజు బండ్లలోనే కనిపిస్తుంది, 25 హెచ్‌పీ దగ్గర దొరకడం కష్టం. షోరూమ్‌లో షటిల్ అనగానే క్లచ్ అవసరం లేదేమో అనుకుని కొనేసి ఇంటికొచ్చాక బాధపడ్డవాళ్ళని చూశాను, అందుకే ఇంత చెప్తున్నా.

ఇక హైడ్రోస్టాటిక్. ఇంజిన్ ఒక పంపుని తిప్పుతుంది, ఆ పంపులో చిన్న చిన్న పిస్టన్లు గుండ్రంగా అమర్చి ఉంటాయి, వాటి ముందు వాలే ప్లేటు ఒకటి ఉంటుంది, స్వాష్ ప్లేట్ అంటారు. ప్లేటు నిటారుగా ఉంటే పిస్టన్లు కదలవు, ఆయిల్ పోదు, బండి నిలబడి ఉంటుంది. నువ్వు పెడల్ నొక్కేకొద్దీ ప్లేటు వాలుతుంది, వాలేకొద్దీ పిస్టన్లు ఎక్కువ ఆయిల్ తోస్తాయి, ఆ ఆయిల్ వెళ్ళి అలాంటిదే ఇంకో మోటారుని తిప్పుతుంది, మోటారు చక్రాలని తిప్పుతుంది. ప్లేటు అటు పక్కకి వాలితే ముందుకి, ఇటు పక్కకి వాలితే వెనక్కి. మధ్యలో క్లచ్ లేదు, గేర్ మార్చే పనీ లేదు. కొన్ని బండ్లకి క్లచ్ పెడల్ ఉంటుంది గానీ నడిపేటప్పుడు దాంతో పని పడదు. మోటారు తర్వాత మాత్రం లో, హై అనో, లో, మిడ్, హై అనో రేంజ్ గేర్లు రెండు మూడు ఉంటాయి, వాటిని బండి ఆపి మార్చుకోవాలి.

ఇప్పుడు మీ మామయ్య మాటలు. బలం ఉండదు అన్నాడు, ఇందులో సగం నిజం. గేర్ పళ్ళు ఒకదాన్నొకటి నేరుగా తోసుకుంటాయి, నష్టం తక్కువ. హైడ్రోస్టాటిక్‌లో బలం ముందు ఆయిల్‌లోకి వెళ్ళి మళ్ళీ ఆయిల్ నుంచి బయటికి రావాలి, ఆ దారిలో కొంత వేడి కింద పోతుంది. అది గేర్ల కంటే ఎక్కువే పోతుంది, ఎవరు కాదన్నా నమ్మకు. అదే మోడల్ రెండు రకాల స్పెసిఫికేషన్ షీట్లూ పక్కపక్కన పెట్టి పీటీవో హెచ్‌పీ చూడు (పీటీవో అంటే రోటావేటర్, కట్టర్‌లాంటివాటిని తిప్పే వెనక షాఫ్ట్), హైడ్రోస్టాటిక్‌కి ఒకటి రెండు హెచ్‌పీ తక్కువ రాసి ఉంటుంది. రోజంతా నాగలి లాగితే ఆ తేడా ఇంకా గట్టిగా తెలుస్తుంది, డీజిల్లోనూ తెలుస్తుంది. కానీ మామయ్యలాంటి గేర్ల అలవాటున్నవాళ్ళు హైడ్రోస్టాటిక్ ఎక్కి బలం లేదు అనడానికి ఇంకో కారణం ఉంది, దాన్ని నడిపే తీరు తెలియకపోవడం.

ఎలాగో చెప్తా. లోడర్ బకెట్‌తో కుప్పలోకి దూరావు, బండి బరువెక్కి ఆగిపోతోంది. గేర్ల బండి అలవాటు ఉన్నవాళ్ళు, కారు అలవాటు ఉన్నవాళ్ళు ఏం చేస్తారు, పెడల్ ఇంకా కిందకి నొక్కుతారు. అప్పుడు ఇంజిన్ గొంతు పడిపోతుంది, ఆయిల్ సన్నగా ఈల వేసినట్టు అరుస్తుంది, బండి అక్కడే ఉంటుంది. ఎందుకంటే పూర్తిగా నొక్కడం అంటే టాప్ గేర్ వేసినట్టు, ప్లేటు మొత్తం వాలిపోయి ఆయిల్ ఎక్కువ పరిమాణంలో తొయ్యమంటున్నావు, అంత ఆయిల్‌ని అంత ప్రెషర్‌తో తోసే శక్తి ఇంజిన్‌కి లేదు. అదే చోట కాలు కొంచెం వెనక్కి తీసుకో. ఇంజిన్ గొంతు మళ్ళీ లేస్తుంది, బకెట్ మెల్లగా కుప్పలోకి దిగడం కళ్ళ ముందే కనిపిస్తుంది. బరువుతో మెట్టెక్కేటప్పుడు అడుగు చిన్నది చేస్తాం కదా, సరిగ్గా అదే. ఇది కాలికి అలవాటవ్వాలంటే రెండు మూడు రోజులు పడుతుంది, ఆ తర్వాత బలం లేదు అన్న మాట నువ్వే అనవు. ఇంకోటి, బరువు పని ఏదైనా లో రేంజ్‌లోనే చెయ్యాలి, హై రేంజ్ రోడ్డుకి. చాలామంది మిడ్‌లోనో హైలోనో పెట్టేసి అన్నిటికీ అదే వాడతారు, ఆయిల్ కాగుతుంది, పంపు అరుగుతుంది, తర్వాత కంపెనీని తిడతారు.

పాడైతే బాగుచేసేవాడు దొరకడు అన్నది మాత్రం పూర్తిగా నిజం, దీన్ని తేలిగ్గా తీసుకోకు. గేర్‌బాక్స్‌లో బేరింగ్ పోయినా, సింక్రో రింగ్ పోయినా అనుభవం ఉన్న మెకానిక్ విప్పి వేస్తాడు. హైడ్రోస్టాటిక్ పంపు లోపల భాగాల మధ్య సందు వెంట్రుక కంటే సన్నం, లోడ్ పడ్డప్పుడు ప్రెషర్ 200 బార్ దాటుతుంది, కారు టైర్లో గాలి 2 బార్ చిల్లర ఉంటుంది, పోల్చుకో. అలాంటిదాన్ని దుమ్ములో కూర్చుని విప్పకూడదు, చాలాసార్లు పంపు యూనిట్ మొత్తం మార్చడమే అవుతుంది, ఖర్చు గట్టిగా ఉంటుంది. కాబట్టి కొనేముందు సేల్స్ అతన్ని వదిలేసి సర్వీస్ విభాగంలోకి వెళ్ళి, ఇక్కడ హైడ్రోస్టాటిక్ విప్పి చేసినవాళ్ళు ఎవరు, హైడ్రోస్టాటిక్ ఫిల్టర్ స్టాక్ ఉందా, ఒకటి చూపించండి అని అడుగు. ఫిల్టర్ తీసి కౌంటర్ మీద పెడితే సగం ధైర్యం. తెప్పిస్తాం అంటే ఇంకో చోట కూడా కనుక్కో. నీకు దగ్గర్లో ఆ సర్వీస్ అసలే లేదని తేలితే నా సలహా మారుతుంది, అప్పుడు సింక్రోమెష్ ఉన్న షటిల్ తీసుకో. నాన్నగారు నడిపే పనులు మాత్రం తగ్గించుకోవాల్సి వస్తుంది.

కొత్త టెక్నాలజీ అన్నది మాత్రం కాదు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ళు 1967లోనే ఫార్మాల్ 656 అనే ట్రాక్టర్‌ని హైడ్రోస్టాటిక్‌తో అమ్మారు. అరవై ఏళ్ళ దగ్గరపడుతున్న పద్ధతిని కొత్తది అనలేం కదా. మామయ్యకి ఈ మాట గౌరవంగానే చెప్పు, ఆయన అనుభవం నీకు వేరే విషయాల్లో చాలా అవసరం పడుతుంది, ముఖ్యంగా నేల తడి చూసి దిగాలా వద్దా అనేది ఏ గేర్‌బాక్సూ చెప్పదు.

గడ్డి కోసే పని సంగతి. చెట్ల మధ్య కోసేటప్పుడు ఒకచోట గడ్డి పలచగా ఉంటుంది, నాలుగు గజాల అవతల మోకాలెత్తు, ఆ తర్వాత చెట్టు మొదలు, చుట్టూ తిరగాలి, కొమ్మ కింద నుంచి వెనక్కి రావాలి. కట్టర్ బ్లేడు తిరిగే స్పీడు మాత్రం తగ్గకూడదు, తగ్గితే గడ్డి తెగదు, వాలిపోతుంది. గేర్లలో స్పీడ్ తగ్గించడానికి ఉన్న సులువైన దారి రేస్ తగ్గించడం, కానీ రేస్ తగ్గిస్తే పీటీవో నిమిషానికి 540 చుట్ల నుంచి పడిపోతుంది, బ్లేడు నెమ్మదిస్తుంది. హైడ్రోస్టాటిక్‌లో రేస్‌ని పీటీవో 540 దగ్గర చేత్తో పెట్టేసి వదిలెయ్యొచ్చు, నడక మొత్తం కాలితో. దట్టంగా ఉన్నచోట కాలు కొంచెం లేపుతావు, పలచగా ఉన్నచోట నొక్కుతావు, బ్లేడు మాత్రం అదే స్పీడ్‌లో తిరుగుతుంటుంది. నా దృష్టిలో హైడ్రోస్టాటిక్ అసలు విలువ ఇక్కడే ఉంది, లోడర్ కంటే కూడా ఇక్కడే. తోట ఉన్నవాళ్ళు ఒకసారి అలా కోశాక మళ్ళీ గేర్ల బండితో ఆ పని చెయ్యడానికి ఇష్టపడరు.

రోటావేటర్‌కి గంటకి 2 నుంచి 4 కిలోమీటర్ల నడక కావాలి, లో రేంజ్‌లో హాయిగా వస్తుంది. కాకపోతే పెడల్ ఒకే చోట గంటసేపు నొక్కి పట్టుకుంటే పాదం, పిక్క నొప్పెడతాయి, అందుకే క్రూజ్ ఉన్న బండి చూసుకో, ఒక స్పీడ్ దగ్గర నిలబెట్టేస్తుంది, బ్రేక్ తొక్కితే వదిలేస్తుంది. రోటావేటర్ సైజు విషయంలో ఆశపడొద్దు. నేలని బట్టి మారుతుంది గానీ అడుగు వెడల్పుకి 5 నుంచి 7 పీటీవో హెచ్‌పీ వేసుకోవడం పాత లెక్క. 25 హెచ్‌పీ ఇంజిన్ అంటే హైడ్రోస్టాటిక్‌లో పీటీవో దగ్గరికి 19, 20 వస్తుంది, అంటే నాలుగడుగులదాంతో సరిపెట్టుకోవాలి, నేల గట్టిదైతే ఇంకా చిన్నది. అమ్మేవాళ్ళు ఐదడుగులది అంటగట్టబోతే వద్దను. హెచ్‌పీ తక్కువవుతుందని బాధగా ఉంటే గేర్లకి మారడం కంటే అదే హైడ్రోస్టాటిక్‌లో పై సైజు చూడటం నయం.

ఇదే ఉత్తరం ఇంకోలా ఉంటే, అంటే పదెకరాల మాగాణో మెట్టో ఉంది, నాగలి, కల్టివేటర్, విత్తనాల గొర్రు, రోజుల తరబడి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నేరుగా లాగడమే పని అని రాసి ఉంటే, ఒక్క నిమిషం ఆలోచించకుండా గేర్లు తీసుకో అనేవాణ్ణి. ఆ పనిలో గేర్ ఒకసారి పడితే మడి చివర తప్ప మార్చే అవసరం లేదు, లాగుడు బలం దాదాపు మొత్తం నేలకి వెళ్తుంది, ట్రాలీతో దూరం పోయేటప్పుడు పెద్ద గేర్ వేసి రేస్ తగ్గించుకుని డీజిల్ మిగుల్చుకోవచ్చు. అప్పుడు కూడా గేర్లు ఎన్ని అని చూసి మురిసిపోవద్దు, ఏ గేర్‌లో గంటకి ఎన్ని కిలోమీటర్లు అన్న పట్టిక అడిగి తీసుకోవాలి. నాగలి, కల్టివేటర్ పనులు ఎక్కువగా గంటకి 4 నుంచి 8 కిలోమీటర్ల మధ్యే జరుగుతాయి, 8 గేర్ల బండిలో ఆ మధ్యలో రెండే పడితే మిగతా ఆరూ ఉండి ఏం లాభం.

మీరు ఏ కారణం వల్లైనా గేర్లే తీసుకుంటే పీటీవో క్లచ్ సంగతి తప్పకుండా కనుక్కోండి, ఇది గేర్‌బాక్స్ అంత ముఖ్యం, సేల్స్‌వాళ్ళు సరిగ్గా చెప్పరు. సింగిల్ క్లచ్ బండిలో క్లచ్ తొక్కితే చక్రాలతోపాటు పీటీవో కూడా ఆగిపోతుంది, గడ్డి గుబురులో ఇరుక్కుని గేర్ మార్చాలంటే కట్టర్ కూడా ఆగుతుంది. అంతకంటే ప్రమాదం ఇంకోటుంది, కొన్ని పాత రకం బండ్లలో పీటీవో గేర్‌బాక్స్‌తో కలిసే తిరుగుతుంది, నువ్వు క్లచ్ తొక్కినా కట్టర్ బ్లేడు బరువు తిరుగుతూనే ఉండి ఆ తిరుగుడు వెనక నుంచి చక్రాల్లోకి వచ్చి బండిని ముందుకి తోసేస్తుంది. క్లచ్ కిందదాకా తొక్కి ఉన్నా బండి గట్టు మీదకి పోతుంటే ఎంత భయం వేస్తుందో అనుభవించినవాళ్ళకే తెలుసు. అలాంటి బండికి పీటీవో షాఫ్ట్ మీద ఓవర్‌రన్నింగ్ క్లచ్, అంటే కట్టర్ తిరుగుడు వెనక్కి బండిలోకి రాకుండా వదిలేసేది, పెట్టకుండా కట్టర్ తగిలించకూడదు. డ్యూయల్ క్లచ్ అయితే సగం తొక్కితే చక్రాలు మాత్రం ఆగుతాయి, పూర్తిగా తొక్కితే పీటీవో కూడా ఆగుతుంది. ఇండిపెండెంట్ పీటీవో ఇంకా మంచిది, దానికి స్విచ్చో లివరో విడిగా ఉంటుంది, క్లచ్‌తో సంబంధమే లేదు. హైడ్రోస్టాటిక్ బండ్లలో ఎక్కువగా ఇదే వస్తుంది గానీ ఒకసారి అడిగి ఖాయం చేసుకో.

వాలు నేల మీద హైడ్రోస్టాటిక్‌తో రెండు జాగ్రత్తలు. మొదటిది, పెడల్ వదిలితే బండి ఆగుతుంది కదా అని దాన్నే హ్యాండ్ బ్రేక్ అనుకోకూడదు. ఇంజిన్ ఆఫ్ చేశాక పంపు లోపలి సన్నటి సందుల్లోంచి ఆయిల్ మెల్లగా జారుతూ ఉంటుంది, దాంతో బండి కూడా జారుతుంది. ఒక మధ్యాహ్నం చిన్న వాలు మీద ఇంజిన్ ఆపి దిగి గేటు తియ్యడానికి వెళ్ళా, హ్యాండ్ బ్రేక్ వెయ్యలేదు, గేటు గడియ తీసి వెనక్కి చూస్తే బండి చప్పుడు లేకుండా నా వైపే వస్తోంది. మనిషి నడక కంటే నెమ్మది, కానీ దాని బరువు టన్ను దగ్గర, గేటుకీ బండికీ మధ్య నేనున్నాను. పక్కకి తప్పుకున్నా, గేటు స్తంభం వంగింది. అప్పట్నుంచీ సీటు దిగే ముందు బ్రేక్ లివర్ మీద చెయ్యి పడాల్సిందే, ఇంట్లో ఎవరు నడిపినా అదే చెప్తా. మీ నాన్నగారికి మొదటి రోజే ఇది చెప్పు.

రెండోది, బరువు ట్రాలీతో దిగుడులో ఉన్నప్పుడు పెడల్ మీంచి కాలు ఒక్కసారిగా తియ్యొద్దు. తీస్తే గట్టి బ్రేక్ వేసినట్టు పడుతుంది, చక్రాలు జారతాయి, వెనక ట్రాలీ తోసుకొచ్చి బండిని పక్కకి మడిచేస్తుంది. దిగుడు మొదలవకముందే లో రేంజ్ వేసుకుని, ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే అది కూడా వేసుకుని, కాలు మెల్లగా లేపుతూ దిగాలి. గేర్ల బండికైనా ఇదే, చిన్న గేర్ పైనే వేసుకుని దిగాలి, మధ్యలో క్లచ్ తొక్కడం, న్యూట్రల్ చెయ్యడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే.

మెయింటెనెన్స్‌లో హైడ్రోస్టాటిక్ అడిగేది ఎక్కువేం కాదు గానీ అడిగింది సమయానికి చెయ్యాలి. మాన్యువల్లో ఏ ఆయిల్ రాసి ఉందో అదే పొయ్యాలి, ఇంకో డబ్బాలో మిగిలింది ఉంది కదా అని కలపకూడదు. మొదటి ఫిల్టర్ మార్పు చాలా బండ్లకి 50 గంటల దగ్గరే వస్తుంది, కొత్త భాగాలు రాసుకుని రాలిన సన్నటి లోహపు రజను అందులో చిక్కుకుని ఉంటుంది కాబట్టి అది వాయిదా వెయ్యకు. ఆయిల్ పోసేటప్పుడు మూత చుట్టూ తడి గుడ్డతో తుడిచి, శుభ్రమైన గరాటుతో పొయ్యి. రేడియేటర్ ముందు ఆయిల్ కూలర్ ఉంటే దాని రెక్కల్లో గడ్డి నూగు పేరుకుంటుంది, కోతల రోజుల్లో రోజూ ఊదించు, అది మూసుకుపోతే ఆయిల్ కాగి పల్చబడి మధ్యాహ్నానికి బండి నీరసంగా అనిపిస్తుంది. ఎప్పుడైనా ఆగిపోతే తాడు కట్టి రోడ్డు మీద లాక్కెళ్ళొద్దు, చక్రాలు మోటారుని తిప్పుతాయి, ఇంజిన్ నడవట్లేదు కాబట్టి ఆయిల్ అందదు, లోపల గీతలు పడతాయి. రేంజ్ లివర్ న్యూట్రల్‌లో పెట్టి మాన్యువల్లో చెప్పినంత దూరం, చెప్పినంత స్పీడులోనే, లేదా ట్రక్కు మీద ఎక్కించుకుని వెళ్ళాలి.

సెకండ్ హ్యాండ్ చూస్తుంటే ఒక్క మాట. చల్లగా ఉన్నప్పుడు హైడ్రోస్టాటిక్ ఎలాంటిదైనా బాగానే లాగుతుంది. అరగంట పని చేయించి ఆయిల్ వేడెక్కాక అప్పుడు ఎత్తు ఎక్కించి చూడు, అప్పుడు నీరసిస్తే పంపు అరిగిందని అర్థం, వదిలెయ్. ఇంకోటి, గడ్డి కోసే చిన్న లాన్ ట్రాక్టర్లకి కూడా హైడ్రోస్టాటిక్ అని రాసి ఉంటుంది, అవి తేలిక పనికి చేసినవి, వాటితో నేల దున్నిద్దాం, లోడర్ పెడదాం అనుకోవద్దు.

ఇక నువ్వు చెయ్యాల్సింది. షోరూమ్‌కి నాన్నగారిని, మామయ్యని ఇద్దర్నీ తీసుకెళ్ళు. ఖాళీ సిమెంటు నేల మీద ఒక చుట్టు తిప్పి బాగుంది అనేస్తే ఏమీ తెలియదు, లోడర్ తగిలించి ఉన్న బండి, ఒక మట్టి కుప్ప అడుగు, లేదంటారు, మళ్ళీ అడుగు. ఆ కుప్ప దగ్గర నాన్నగారిని ఒక ఇరవై బకెట్లు ఎత్తమను, ముందు షటిల్ మీద, తర్వాత హైడ్రోస్టాటిక్ మీద. పెడల్స్ కూడా చూడు, కొన్నిటికి ముందుకి ఒకటి వెనక్కి ఒకటి విడివిడిగా ఉంటాయి, కొన్నిటికి ఒకే పెడల్ ముందు వేళ్ళతో ముందుకి, మడమతో వెనక్కి నొక్కేలా ఉంటుంది. మడమతో నొక్కేది కొంతమందికి చీలమండ పట్టేస్తుంది, ఎక్కువసేపు వెనక్కి తిరిగి చూస్తూ నడిపితే ఇంకా తెలుస్తుంది, మీ నాన్నగారికి విడివిడిగా ఉన్నవే నయం అని నా అనుమానం, కానీ ఆయన కాలే చెప్పాలి. దిగాక వెంటనే అడక్కు, ఇంటికి వచ్చి రాత్రి పడుకునే ముందు మోకాలు ఎలా ఉంది నాన్నా అని అడుగు, పొద్దున లేచాక ఇంకోసారి అడుగు. ఆయన ఏమన్నారో, సర్వీస్ విభాగంలో ఆ ఫిల్టర్ ఉందో లేదో రెండూ నాకు రాయి, అప్పుడు మోడల్ గురించి మాట్లాడుకుందాం.